ఎస్‌క్యూఎల్ సర్వర్ సెటప్ విఫలమైతే లాగ్ చదివి కారణం పట్టుకోవడం ఎలా

అకౌంటింగ్, ఆసుపత్రి బిల్లింగ్, గోదాము నిల్వలు, జీతాల లెక్కలు వంటి పనులకు కార్యాలయాలు కొనుక్కునే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి వెనుక ఒక డేటాబేస్ ఉండి తీరాలి. ఆ డేటాబేస్ తరచుగా మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ (ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉచిత రూపం) అయి ఉంటుంది. పైన కనబడే సాఫ్ట్‌వేర్ ఇబ్బంది లేకుండానే ఎక్కుతుంది గానీ, దాని కింద ఉండవలసిన ఎస్‌క్యూఎల్ సర్వర్ దగ్గర సెటప్ ఆగిపోయి, చివరి తెర మీద "డేటాబేస్ ఇంజిన్ సర్వీసెస్" అన్న వరుస పక్కన ఎర్రటి ఇంటూ గుర్తు వచ్చి కూర్చుంటుంది. ఇటువంటప్పుడు దగ్గరలో ఉన్న కంప్యూటర్ తెలిసినవారు ఇచ్చే మొదటి సలహా "ఫార్మాట్ కొట్టేద్దాం" అనే. విండోస్‌ను కొత్తగా వేసినా అదే డిస్క్, అదే సెటప్, అదే కారణం మిగిలి ఉంటాయి కనుక, ఆ సలహా సగం రోజును తిని అదే ఎర్ర గుర్తును తిరిగి తెచ్చే అవకాశం చాలా ఎక్కువ. కారణం ఎక్కడో రాసి ఉంటుంది. దానిని వెతికి చదవడం ఈ వ్యాసంలో చెప్పదలచిన పని. ఉదాహరణలు విండోస్ 11 మీద ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019 ఎక్స్‌ప్రెస్‌కు సంబంధించినవి, కాని పద్ధతి 2017కూ 2022కూ కూడా సరిపోతుంది. ఆదేశాలను, ఫోల్డర్ల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాసినా, కంప్యూటర్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేయాలని వేరే చెప్పనవసరం లేదు.

ఏదైనా ముట్టుకునే ముందు ఒక జాగ్రత్త. ఆ కంప్యూటర్‌లో అంతకు ముందే పాత ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉండి, అందులో గత సంవత్సరాల లెక్కలు ఉన్నట్లయితే, ముందుగా ఆ సాఫ్ట్‌వేర్ నుంచే బ్యాకప్ తీసి వేరే డిస్క్‌లోకి చేర్చాలి. అది కుదరకపోతే, ఎస్‌క్యూఎల్ సర్వర్ సర్వీసును (తెర వెనుక నడుస్తుండే ప్రోగ్రామును) ఆపి, ఎండీఎఫ్, ఎల్‌డీఎఫ్ అనే పొడిగింపులున్న ఫైళ్లను రెంటినీ కలిపి నకలు చేసుకోవాలి. ఒకటి ఉండి మరొకటి లేకపోతే తరువాత చిక్కు వస్తుంది. ఈ పని పూర్తయ్యేదాకా అన్‌ఇన్‌స్టాల్ అనే మాట తలపెట్టకూడదు.

ఇక లాగ్ సంగతి. ఎస్‌క్యూఎల్ సర్వర్ సెటప్ తాను చేసిన ప్రతి పనినీ రాసి పెట్టుకుంటుంది. సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్, అందులో మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్, అందులో 150, అందులో సెటప్ బూట్‌స్ట్రాప్, అందులో లాగ్ అనే వరుసలో ఫోల్డర్లు తెరుచుకుంటూ వెళ్లాలి. 150 అనేది 2019 వెర్షన్‌కు గుర్తు. 2017కు 140, 2022కు 160 ఉంటాయి. లాగ్ ఫోల్డర్‌లో సమ్మరీ అనే టెక్స్ట్ ఫైలు ఒకటి, తేదీ, సమయం పేరుగా గల ఉపఫోల్డర్లు కొన్ని కనబడతాయి. సెటప్‌ను ఎన్నిసార్లు నడిపితే అన్ని ఉపఫోల్డర్లు ఏర్పడతాయి కనుక, మొదటిసారి విఫలమైన సమయానికి చెందిన దానినే ముందు చూడటం మంచిది. రెండవ, మూడవ ప్రయత్నాలలో వచ్చే లోపాలు చాలావరకు మొదటి ప్రయత్నం వదిలివెళ్లిన సగం ముక్కల వల్ల పుట్టేవే గాని, అసలు కారణాన్ని చూపేవి కావు. సెటప్ మళ్లీ మళ్లీ నొక్కవద్దనడానికి కారణం కూడా ఇదే.

సమ్మరీ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పైభాగంలో తుది ఫలితం, ఎగ్జిట్ కోడ్, మొదలైన సమయం, ముగిసిన సమయం ఉంటాయి. తరువాత కంప్యూటర్ వివరాలు, సెటప్‌కు ఇచ్చిన ఎంపికలు చాలా వరుసలు నడుస్తాయి. వాటిని దాటి కిందికి వెళ్లాలి. ఒక్కొక్క ఫీచర్‌కు ఒక్కొక్క పేరా చొప్పున ఉన్న భాగంలో, స్టేటస్ అన్న చోట ఫెయిల్డ్ అని ఉన్న మొదటి పేరా దగ్గర ఆగాలి. అందులో కాంపోనెంట్ పేరు, కాంపోనెంట్ ఎర్రర్ కోడ్, ఎర్రర్ వివరణ, ఆ భాగానికి చెందిన లాగ్ ఫైలు ఎక్కడుందో చెప్పే వరుస ఉంటాయి. ఈ నాలుగింటినీ ఒక కాగితం మీద రాసుకుంటే సగం పని అయినట్లే. ఒక ఫీచర్ పడిపోతే దానిమీద ఆధారపడినవన్నీ వరుసగా పడిపోతాయి కాబట్టి, పది ఫెయిల్డ్‌లు కనబడినంత మాత్రాన పది సమస్యలు ఉన్నాయని కంగారు పడనక్కర లేదు.

ఎర్రర్ కోడ్ 1603 అయితే అది విండోస్ ఇన్‌స్టాలర్ ఇచ్చే సాధారణ వైఫల్య సంకేతం. "పని జరగలేదు" అన్నంత మేరకే దాని అర్థం. ఇంటర్నెట్‌లో 1603కు మందు అంటూ వెతికితే ఒకదానికొకటి సంబంధం లేని సలహాలు కుప్పలుగా దొరకడానికి కారణం అదే. ఇక్కడ చేయవలసినది, సమ్మరీ చూపిన కాంపోనెంట్ లాగ్‌ను తెరిచి, "రిటర్న్ వేల్యూ 3" అనే పదబంధాన్ని వెతకడం. అది మొదటిసారి దొరికిన చోట ఆగి, అక్కడి నుంచి పైకి పది, ఇరవై వరుసలు చదవాలి. విఫలమైన చర్య పేరు, దానికి ముందు వచ్చిన లోపం అక్కడే ఉంటాయి; ఆ చోటు కింద ఉన్నదంతా సెటప్ తాను పెట్టినవాటిని తానే వెనక్కి తీసుకుంటున్న తతంగం.

1603 కానివి కొన్ని తమ అర్థాన్ని తామే చెబుతాయి. 1618 అంటే అదే సమయంలో వేరొక ఇన్‌స్టలేషన్ నడుస్తోందని. విండోస్ అప్‌డేట్ వెనుక పనిచేస్తుండటం దీనికి సాధారణ కారణం కనుక, అది ముగిసేదాకా ఆగితే చాలు. 1602 అంటే ఎవరో రద్దు నొక్కారని. 1638 అంటే అదే ఉత్పత్తి వేరొక వెర్షన్ ఇప్పటికే ఉందని. 1625 వస్తే సంస్థ పెట్టిన పాలసీ అడ్డుకుంటోందన్నమాట. దానిని ఇంట్లో కూర్చుని పరిష్కరించలేం, సంస్థ ఐటీ విభాగాన్ని అడగవలసిందే. 3010 అసలు లోపమే కాదు: పని పూర్తయింది, రీస్టార్ట్ చేయమని అర్థం.

1612 గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి. ఇన్‌స్టలేషన్‌కు కావలసిన మూల ఫైలు దొరకలేదన్నది దాని భావం. విండోస్ ఫోల్డర్ లోపల ఇన్‌స్టాలర్ అనే దాగి ఉన్న ఫోల్డర్ ఒకటుంది. అందులోని ఫైళ్ల పేర్లు అర్థంపర్థం లేని అక్షరాలలా ఉండి, గిగాబైట్ల కొద్దీ స్థలం ఆక్రమిస్తాయి. సీ డ్రైవ్ నిండిపోయినప్పుడు ఎవరో ఒకరు ఉత్సాహంగా వాటిని తుడిచేస్తారు. ఆ రోజు ఏమీ కాదు. నెలల తరువాత ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు అప్‌డేట్ వేయబోయినప్పుడో, తీసేయబోయినప్పుడో, పాత ప్యాకేజీ కనబడక సెటప్ మొండికేస్తుంది. అప్పుడు మొదట వాడిన అదే వెర్షన్ సెటప్ ఫైళ్లను తిరిగి దించుకుని, సెటప్ అడిగినప్పుడు ఆ చోటు చూపించడం తప్ప సులువైన దారి లేదు.

ఇంతవరకు చెప్పినవి సెటప్ లోపలికి వెళ్లాక వచ్చేవి. అంతకు ముందే, నియమాల తనిఖీ దశలోనే ఆగిపోవడం కూడా తరచుగా జరుగుతుంది. "రీస్టార్ట్ కంప్యూటర్" అన్న నియమం దగ్గర ఆగితే, స్టార్ట్ మెనూలో రీస్టార్ట్ అనే ఎంపికనే వాడాలి. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేస్తే సరిపోదు. ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం ఉన్నప్పుడు షట్‌డౌన్‌లో విండోస్ తన కెర్నెల్ స్థితిని డిస్క్‌లో దాచుకుని, మళ్లీ ఆన్ చేయగానే దానినే తిరిగి తెస్తుంది కనుక, ఆగిపోయి ఉన్న పనులు ఆగిపోయినట్లే ఉంటాయి. డ్రైవ్ కంప్రెస్ అయి ఉన్నా, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్నా, నెట్‌వర్క్ నుంచి మ్యాప్ చేసినదైనా సెటప్ ఒప్పుకోదు. 2016 వెర్షన్ నుంచి ఎస్‌క్యూఎల్ సర్వర్ 64 బిట్ విండోస్‌కే పరిమితమన్నది కూడా, పాత డెస్క్‌టాప్‌ను వాడుకలోకి తేవాలనుకునేవారు గుర్తుంచుకోవాలి.

పెద్ద సంస్థల డొమైన్‌లో (సంస్థ కంప్యూటర్లన్నిటినీ ఒకేచోట నుంచి నియంత్రించే ఏర్పాటులో) ఉన్న డెస్క్‌టాప్‌లలో మరొక చిక్కు ఎదురవుతుంది. లాగిన్ అయిన వ్యక్తి అడ్మినిస్ట్రేటరే అయినా, "సెటప్ అకౌంట్ ప్రివిలేజెస్" అనే నియమం దగ్గర తనిఖీ విఫలమవుతుంది. సెటప్ నడిపే ఖాతాకు ఫైళ్లను బ్యాకప్ చేసే హక్కు, ప్రోగ్రాములను డీబగ్ చేసే హక్కు, ఆడిటింగ్, సెక్యూరిటీ లాగ్‌ను నిర్వహించే హక్కు అనే మూడూ ఉండాలి. భద్రత పేరుతో డీబగ్ హక్కును అడ్మినిస్ట్రేటర్ల నుంచి కూడా తీసివేసే సంస్థలు ఉన్నాయి. లోకల్ సెక్యూరిటీ పాలసీలో యూజర్ రైట్స్ అసైన్‌మెంట్ అనే భాగం తెరిచి చూస్తే ఎవరికి ఏ హక్కు ఉన్నదీ తెలుస్తుంది. అక్కడ మార్చినా డొమైన్ పాలసీ కొద్దిసేపటికి దానిని తిరిగి పూర్వస్థితికి తెస్తుంది కాబట్టి, ఏ హక్కు కావాలో పేరుతో సహా రాసి ఐటీ విభాగానికి పంపడమే దారి. "ఇన్‌స్టాల్ అవడం లేదు" అని పంపిన వినతి వారం రోజులు కదలదు. "ఈ ఖాతాకు ఈ హక్కు కావాలి" అని పంపినదానిమీద పని మొదలవుతుంది.

ఇక ఎక్కువ మందిని తికమక పెట్టే కేసు వేరే ఉంది. తనిఖీలన్నీ పచ్చగా దాటి, ఫైళ్లన్నీ నకలై, చిట్టచివరలో "డేటాబేస్ ఇంజిన్ రికవరీ హ్యాండిల్ కోసం వేచి ఉండటం విఫలమైంది" అనే భావం గల సందేశం వస్తుంది. సమ్మరీలో ఎగ్జిట్ కోడ్ మైనస్ 2061893606 అని ఉంటుంది. దీని అర్థం, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఫైళ్లు సరిగానే వచ్చాయి గాని, సర్వీసు మొదటిసారి లేవబోయి పడిపోయిందని. కాబట్టి ఇక్కడ సెటప్ లాగ్‌ను ఎంత తిరగేసినా ప్రయోజనం ఉండదు. డేటాబేస్ ఇంజిన్ తనకు తాను రాసుకునే ఎర్రర్‌లాగ్ అనే ఫైలును చూడాలి. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఫోల్డర్‌లోనే, ఎంఎస్ఎస్‌క్యూఎల్15 అనే మాటతో మొదలై ఇన్‌స్టన్స్ (ఒక కంప్యూటర్‌లో విడిగా నడిచే ఒక్కొక్క ఎస్‌క్యూఎల్ సర్వర్) పేరుతో ముగిసే ఫోల్డర్ లోపల, ఎంఎస్ఎస్‌క్యూఎల్ అనే దానిలో, లాగ్ అనే చోట అది ఉంటుంది. పొడిగింపు లేని ఫైలు కనుక రెండుసార్లు నొక్కితే తెరుచుకోదు; నోట్‌ప్యాడ్‌ను తెరిచి అందులోకి లాగి వదలాలి.

ఆ ఫైలులో, మాస్టర్ డేటాబేస్ (ఎస్‌క్యూఎల్ సర్వర్ తన సొంత వివరాలు ఉంచుకునేది) ఫైలు పేరుతో పాటు, 256 "మిస్‌అలైన్డ్ లాగ్ ఐఓ"లు జరిగాయన్న వరుస కనబడితే, తప్పు సెటప్‌దీ కాదు, వాడేవారిదీ కాదు; డిస్క్ సెక్టార్ (డిస్క్ ఒకసారికి చదివే, రాసే అతి చిన్న ముక్క) పరిమాణానిది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 512 బైట్లు లేదా 4096 బైట్ల సెక్టార్ గల డిస్క్‌ల మీదనే పనిచేసేలా రూపొందింది. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీలు అనే కొత్త తరహా వేగవంతమైన డిస్క్‌లలో కొన్ని అంతకంటే పెద్ద పరిమాణాన్ని తెలియజేస్తాయి. విండోస్ 10 ఆ సంఖ్యను పైకి చెప్పేది కాదు. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 డిస్క్ చెప్పినదానిని ఉన్నదున్నట్లు అందజేస్తుంది. పాత కంప్యూటర్లలో ఎక్కిన సెటప్ కొత్తగా కొన్న ఖరీదైన కంప్యూటర్‌లో ఎక్కకపోవడం, విండోస్ 10లో చక్కగా నడిచిన సర్వీసు 11కు మారగానే లేవకపోవడం అనే రెండు వింతలకూ ఇదే మూలం.

ఊహించి మందు వేయకుండా ముందు నిర్ధారించుకోవాలి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఎఫ్ఎస్‌యుటిల్, ఒక ఖాళీ, ఎఫ్ఎస్‌ఇన్ఫో, ఒక ఖాళీ, సెక్టార్‌ఇన్ఫో, ఒక ఖాళీ, ఆపై డ్రైవ్ అక్షరం, కోలన్ టైపు చేసి ఎంటర్ నొక్కాలి. వచ్చిన వరుసలలో లాజికల్ బైట్స్ పర్ సెక్టార్ 512 అని ఉండటం చూసి సరిపోయిందని అనుకోకూడదు. దాని కింద "ఫిజికల్ బైట్స్ పర్ సెక్టార్" అని మొదలై, ఒకటి అటామిసిటీకి, మరొకటి పెర్ఫార్మెన్స్‌కు చెందిన రెండు వరుసలుంటాయి. ఆ రెండింటిలో పెద్దది 4096ను మించి, 8192 గానో 16384 గానో ఉంటే రోగం దొరికినట్లే.

దీనికి మైక్రోసాఫ్ట్ తన మార్గదర్శక పత్రంలో ఇచ్చిన పరిష్కారం రెజిస్ట్రీలో (విండోస్ తన అమరికలను దాచుకునే చోట) ఒక విలువను చేర్చడం. రెజిస్ట్రీని తెరవగానే ఫైల్ మెనూలోని ఎక్స్‌పోర్ట్‌తో ఆ భాగాన్ని దాచుకుని, హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, సర్వీసెస్, స్టోర్‌ఎన్‌వీఎంఈ, పారామీటర్స్, డివైస్ అనే వరుసలో లోపలికి వెళ్లాలి. అక్కడ మల్టీ స్ట్రింగ్ రకపు కొత్త విలువను సృష్టించి, దానికి "ఫోర్స్‌డ్ ఫిజికల్ సెక్టార్ సైజ్ ఇన్ బైట్స్" అనే ఆరు మాటలను మధ్యలో ఖాళీలు లేకుండా కలిపి పేరుగా పెట్టాలి. విలువగా ఒక నక్షత్రం గుర్తు, ఒక ఖాళీ, ఆపై 4095 అని రాయాలి. 4096 కావలసిన చోట 4095 అచ్చుతప్పులా కనబడుతుంది గాని, పత్రంలో ఉన్నది 4095 అనే. దిద్దే ప్రయత్నం చేయవద్దు. ఆపై కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, పై ఆదేశాన్ని మళ్లీ నడిపితే, పెద్ద సంఖ్య స్థానంలో 4096 కనబడాలి. ఈ విలువ విండోస్ సొంత ఎన్‌వీఎంఈ డ్రైవర్‌కు ఉద్దేశించినది కనుక, డిస్క్‌ను వేరే తయారీదారు డ్రైవర్ నడుపుతున్నట్లయితే సంఖ్య మారకపోవచ్చు. అప్పుడు సెక్టార్ పరిమాణం సరిగా ఉన్న రెండవ డిస్క్ ఏదైనా ఉంటే, సెటప్‌లో డేటా డైరెక్టరీల ట్యాబ్ తెరిచి, డేటాబేస్ ఫైళ్ల చోటును దానిమీదికి మార్చవచ్చు.

ఎర్రర్‌లాగ్‌లో ఆ వరుస లేకపోతే ఈ రెజిస్ట్రీ మార్పును చేయనే కూడదు. ఫోల్డర్‌కు సర్వీసు ఖాతా అనుమతి లేదని ఉందా, మాస్టర్ ఫైలును తెరవలేకపోయిందని ఉందా, అసలు ఎర్రర్‌లాగ్ ఫైలే పుట్టలేదా అన్నదాన్ని బట్టి దారి మారుతుంది. ఫైలే పుట్టకపోతే సర్వీసు తొలి అడుగు కూడా వేయలేదని అర్థం. ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్, సిస్టమ్ అనే రెండు లాగ్‌లలో ఆ నిమిషానికి చెందిన ఎర్ర గుర్తులను చూడాలి. యాంటీవైరస్ అడ్డుపడిన సందర్భాల జాడ చాలాసార్లు దాని సొంత చరిత్రలోనే ఉంటుంది.

కారణం తేలి, దానిని సరిచేసిన తరువాత, సగంలో ఉన్న ఇన్‌స్టలేషన్‌ను శుభ్రం చేయాలి. సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితాలో ఎస్‌క్యూఎల్ సర్వర్ పేరుతో పది దాకా అంశాలు కనబడి ఏది ముందు తీయాలో అర్థం కాదు. "మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019, 64 బిట్" అన్న ప్రధాన అంశంతో మొదలుపెట్టి, అది తెరిచే విజార్డ్‌లో విఫలమైన ఇన్‌స్టన్స్‌ను మాత్రమే ఎంచుకోవాలి. దానితో చాలా చిన్న అంశాలు తమంతట తామే పోతాయి. వేరే సాఫ్ట్‌వేర్‌కు చెందిన మరొక ఇన్‌స్టన్స్ అక్కడ ఉంటే దాని జోలికి పోకూడదు. ఆ తరువాత కూడా ఇన్‌స్టన్స్ ఫోల్డర్ మిగిలి ఉంటే, తొలగించడం కంటే పేరు మార్చి పక్కన పెట్టడం క్షేమం; అందులో మిగిలిన పాత మాస్టర్ ఫైలు తరువాతి ప్రయత్నానికి అడ్డు రాదు, అవసరమైతే తిరిగి చూసుకోవడానికీ ఉంటుంది. రెజిస్ట్రీలో ఎస్‌క్యూఎల్ అన్న మాట ఉన్న కీలన్నీ చేత్తో తుడిచేయమనే సలహాలను వినవద్దు.

రెండవ ప్రయత్నానికి, ఇంటర్నెట్ నుంచి ముక్కముక్కగా దించుకునే చిన్న సెటప్‌ను కాక, అందులోనే ఉన్న డౌన్‌లోడ్ మీడియా అనే ఎంపికతో పూర్తి ప్యాకేజీని తెచ్చుకోవాలి. నెట్ కనెక్షన్ తెగితే ఏర్పడే సందేహం ఒకటి దీనితో తప్పుతుంది. ఫైలు ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ అనే ట్యాబ్ తెరిచి, సంతకం మైక్రోసాఫ్ట్‌దేనని, చెల్లుతుందని చూసుకోవాలి. వన్‌డ్రైవ్‌తో అనుసంధానమైన డెస్క్‌టాప్ మీద కాకుండా, డీ డ్రైవ్‌లో చిన్న పేరుతో ఒక ఫోల్డర్ చేసి, అక్కడే విప్పి, అడ్మినిస్ట్రేటర్‌గా నడపాలి. పై సాఫ్ట్‌వేర్ ఫలానా ఇన్‌స్టన్స్ పేరునే కోరుతుంటే ఆ పేరునే ఇవ్వాలి; మిక్స్‌డ్ మోడ్ (విండోస్ లాగిన్‌తో పాటు ఎస్‌క్యూఎల్ సర్వర్ సొంత లాగిన్‌నూ అనుమతించే పద్ధతి) కోరుతుంటే ఎస్ఏ అనే దాని ప్రధాన నిర్వాహక ఖాతాకు గట్టి పాస్‌వర్డ్ పెట్టి, "యాడ్ కరెంట్ యూజర్" నొక్కడం మరవకూడదు. ఇది మరిచినవారికి ఇన్‌స్టలేషన్ విజయవంతమయ్యాక విండోస్ లాగిన్‌తో తమ డేటాబేస్‌లోకి తామే నిర్వాహకులుగా వెళ్లలేని పరిస్థితి రావచ్చు.

అన్ని గుర్తులూ పచ్చబడ్డాక కూడా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ "సర్వర్ దొరకలేదు" అంటే, దానిని ఇన్‌స్టలేషన్ వైఫల్యంగా లెక్కించి మళ్లీ మొదటికి రావద్దు. అదే కంప్యూటర్‌లో కనెక్ట్ అయి, పక్క గదిలోని కంప్యూటర్ నుంచి మాత్రమే కాకపోతే, ఎక్స్‌ప్రెస్‌లో టీసీపీ/ఐపీ మొదట మూసి ఉండటమే కారణం కావచ్చు. ఎస్‌క్యూఎల్ సర్వర్ కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో దానిని తెరిచి, సర్వీసును ఒకసారి రీస్టార్ట్ చేయాలి. పేరు గల ఇన్‌స్టన్స్‌ను వెతకడానికి ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్రౌజర్ అనే సర్వీసు (వెబ్ బ్రౌజర్ కాదు) నడుస్తుండాలి, దానికి ఫైర్‌వాల్‌లో యూడీపీ 1434 పోర్టుతో పాటు ఇన్‌స్టన్స్ వాడే టీసీపీ పోర్టు కూడా తెరిచి ఉండాలి.

ఇంత చేసినా తేలకపోయి, సాఫ్ట్‌వేర్ అమ్మిన సంస్థ సహాయ విభాగానికి రాయవలసి వస్తే, ఎర్ర గుర్తు ఉన్న తెర ఫొటో ఒక్కటే పంపితే సరిపోదు. మొదటి ప్రయత్నపు తేదీ, సమయం పేరుగల ఫోల్డర్‌ను మొత్తంగా జిప్ చేసి, ఎర్రర్‌లాగ్‌ను, సెక్టార్ పరిమాణం చూపిన ఫలితాన్ని జతచేసి, చేసిన మార్పులను చేసిన వరుసలోనే రాయాలి. ఆ ఫోల్డర్‌లో ఉండే కాన్ఫిగరేషన్ ఫైలులో పాస్‌వర్డ్‌లు నమోదు కావు గాని, కంప్యూటర్ పేరు, డొమైన్ పేరు, వినియోగదారుల పేర్లు లాగ్‌ల నిండా ఉంటాయి కనుక, దానిని సహాయ విభాగానికి నేరుగా పంపాలే తప్ప నలుగురూ చూసే చోట పెట్టకూడదు.